ఫలకం మీద ఎర్ర సున్నా

ఆ ఉదయం ఒప్పందం చాలా సులువైనది: దారిలో ఒక చరిత్ర ఫలకం మాస్టారికి, ఒక తీపి ఆయన భార్యకు. ముప్పయ్యేళ్ళు బడిలో చరిత్ర చెప్పి మొన్ననే రిటైరైన మాస్టారు, పడకలూ పొయ్యీ ఉన్న వ్యానొకటి అద్దెకు తీసుకుని వారంరోజులుగా భార్యతో ఊళ్ళు తిరుగుతున్నారు. రాతివంతెన పక్కనున్న కేకుల కొట్టు గోడకే ఫలకం ఉంది కాబట్టి రెండు పనులూ ఒకేచోట తెములుతాయని బండి ఆపారు. ఆ కొట్టులో తేనె కేకు రోజుకు ఒక్క వాయే. అయిపోతే మళ్ళీ మర్నాడే.

ఆవిడ ఇంకా చెప్పులు వెతుక్కుంటూండగానే మాస్టారి కేక వినిపించింది.

"చూశావా ఈ ఘోరం! వంతెన కట్టిన సంవత్సరం పన్నెండేళ్ళు తప్పు రాశారు! పిల్లలు చదివితే ఏమైపోతారు?"

"పిల్లలు కేకు తిని వెళ్ళిపోతారండీ. ముందొచ్చి వరసలో నిలబడండి."

"తప్పు చూసి ఊరుకుంటే నా ముప్పయ్యేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే!"

రిటైరైనా ఆయన జేబులో ఎర్ర మార్కరు రిటైరు కాలేదు. తప్పు సంవత్సరం చుట్టూ సున్నా చుట్టి, పక్కన బారెడు ఇంటూ కొట్టారు. ఫలకం చిన్నది, కోపం పెద్దది. ఇంటూలో సగం కొట్టు గోడ మీదికి పాకింది. అంతటితో ఆగారా? వంతెన పొడవు కూడా తప్పేమోనని అనుమానమొచ్చి, కొట్టు గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోసాగారు.

లోపలినుంచి కొట్టాయన ఇదంతా చూశాడు. గోడ మీద ఎర్ర గుర్తు, గుమ్మం నుంచి కొలతలు! రోడ్డు వెడల్పు చేస్తారని ఏడాదిగా ఊళ్ళో పుకారుంది.

"మన కొట్లు పడగొట్టేస్తున్నారర్రా!" అని అరిచి షట్టరు దించేశాడు. అప్పుడే వరసలో ముందుకొచ్చిన మాస్టారి భార్య ముక్కు ముందే అది దిగింది.

పది నిమిషాల్లో వీధంతా మాస్టారి చుట్టూ మూగింది.

"ఎందాకా పోతుంది సార్? గుమ్మం దాకానా, పొయ్యి దాకానా?" అన్నాడు కొట్టాయన.

"మొత్తం పోవాల్సిందే! ఇలాంటి తప్పు నిలబడ్డానికి వీల్లేదు!"

"తప్పేంటి సార్? మా తాత కట్టింది! కాగితాలున్నాయి!"

"ఎవరి తాత అయితే నాకేం? తప్పు తప్పే!"

"ఈయన బడిపంతులండీ బాబూ! షట్టరెత్తండి!" అని మాస్టారి భార్య మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

ఇంతలో, ఫలకం మీద గొడవని ఎవరో కబురందిస్తే, దాన్ని రాయించిన మున్సిపల్ గుమస్తా పాత పుస్తకమొకటి చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"రోడ్డూ లేదు, గీడ్డూ లేదు! ఈయనెవరో నాకు తెలీదు. ఇక సంవత్సరమంటారా, మేం సొంతంగా రాసింది కాదు. బళ్ళో నేను చదువుకున్న చరిత్ర గైడులోంచి పొల్లుపోకుండా దించాం."

"ఏ వెధవ రాశాడయ్యా ఆ గైడు?" అని గర్జించారు మాస్టారు.

గుమస్తా పుస్తకం తిరగేశాడు. వెనక అట్ట మీద నల్లటి మీసాలతో, ఒత్తయిన జుట్టుతో మాస్టారే నవ్వుతున్నారు. వీధంతా ఆ ఫొటోనూ ఆయననూ మార్చి మార్చి చూసింది. షట్టరు మెల్లగా లేచింది. మాస్టారి భార్య అందరికంటే ముందు దూరి తేనె కేకు ముక్క పట్టుకొచ్చింది.

మాస్టారి ముఖం కందగడ్డయింది. వచ్చిన కోపం ఎవరిమీదో ఒకరిమీద దిగాలి కదా!

"నేను సరిగ్గానే రాశాను! ఇది అచ్చుతప్పు! అక్షరమ్ముక్క రాని ఆ ప్రెస్సువాణ్ణి ఆనాడే నాలుగు తన్నాల్సింది!"

కేకు నములుతున్నదల్లా ఆవిడ ఆగింది. ఆ ప్రెస్సు ఆవిడ తండ్రిది.