మా మూతికి మాస్కెందుకండీ!

ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకి మాస్కులివ్వడం శుద్ధ దండగ! ఈ మాటంటున్నది ఎవరో తెలియనివాళ్లు కాదు. చోడవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఈ మే నెల ఎండల్లో, కరోనా వార్డు తుడుస్తున్న నేనే.

మాస్కు లేకపోతే ఎన్ని లాభాలో మీకేం తెలుసు? ఫినాయిల్ వాసన నేరుగా ముక్కుకి తగులుతుంది. ఏ మూల తుడవలేదో ఇట్టే తెలిసిపోతుంది. పైగా కోలుకుని ఇళ్లకెళ్లేవాళ్లు మాడుగుల హల్వా పంచుతారు. మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి హల్వా ఎలా తింటుందండీ?

మా ఆసుపత్రిలో మాస్కులే లేవనుకునేరు! అద్దాల బీరువా నిండా ఉన్నాయి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూసి మెచ్చుకోవడానికి. ఆ అద్దం రోజూ తుడిచేది నేనే. లోపల ఎంత క్షేమంగా ఉన్నాయనుకున్నారు! ఇంతవరకూ ఒక్క మాస్కుకి కూడా జలుబు చెయ్యలేదు.

పి.పి.ఇ. కిట్టు కూడా ఒకటుంది. ఫొటో కోసం. ఒకరి తరవాత ఒకరం పదకొండుమందిమీ అందులోకి దూరి ఫొటోలు దిగాం. లోపలున్నది ఎవరో కనబడదు కదా, ఒకే మనిషిని పదకొండుసార్లు తీసినా సరిపోయేది. మా మేనేజరు గౌరీశంకర్ గారు మరీ నిజాయితీపరులు!

మా ఆయా నూకరత్నానికి మాత్రం ఈ లాభాలేవీ తలకెక్కవు. ఇంట్లో ఎనిమిది నెలల మనవరాలుంది. ఆ బెంగ ఒకటి. ఓ రోజు మేనేజరు గది గుమ్మంలో నిలబడిపోయింది.

"బాబూ, ఒక్క మాస్కిప్పించండి. దగ్గుతున్నోలకి గంజి తాగించి ఇంటికెల్తే, మనవరాలు గుంట మీదకెగబాకతంది. ఎత్తుకోకపోతే ఏడుపు. ఎత్తుకుంటే నాకు బయ్యం."

"రూల్లేదు నూకరత్నం. మాస్కులు పేషెంటు కిట్టులోవి. అడ్మిటయినోలకే."

"అయితే నన్నేటి సెయ్యమంటారు?"

"కొంగు కట్టుకో. ఏటీ కాదు."

ఈ ధైర్యం ఆయన రెండు మాస్కుల వెనకనుంచి, ఒక ఫేస్ షీల్డు వెనకనుంచి చెప్పారు. అన్ని పొరలు దాటుకుని వచ్చిన ధైర్యం ఎంత గట్టిదై ఉండాలి!

"నా కొంగుకి అంత పవరుంటే, నానెందుకు వదినా? కొంగునే డూటీకి పంపించీసి ఇంట్లో తొంగుంటాను!" అని గుమ్మం పక్కన తుడుస్తున్న నాతో గొణిగి వార్డులోకి వెళ్లిపోయింది నూకరత్నం.

తొమ్మిది రోజులకి జ్వరం. పాజిటివ్! అదే వార్డులో నాలుగో మంచం. నర్సు సంధ్యారాణి కిట్టు తెచ్చి ఒళ్లో పెట్టింది. సబ్బు, బ్రష్షు, తువ్వాలు, సీలు విప్పని అయిదు మాస్కులు.

నూకరత్నం దగ్గుతూనే పకపకా నవ్వింది. "వచ్చీసాయి వదినా మాస్కులు! ఇంత సులువని ముందే సెప్తే, నెల్లాల కిందటే దగ్గీసుందును కదా!"

వార్డంతా నవ్వులే. ఆక్సిజన్ పెట్టుకున్న పెద్దాయన కూడా భుజాలు కుదుపుకుంటూ నవ్వాడు. గౌరీశంకర్ గారు గుమ్మంలోంచే, "సూసేవా, రూలు ప్రెకారం వస్తే ఎవలు కాదంతారు?" అన్నారు.

ఒకటి తను కట్టుకుని, మిగిలిన నాలుగూ నా చేతిలో పెట్టింది. "నువ్వొకటి కట్టుకో. నీతో వార్డు తుడిసే ఝాన్సీకొకటియ్యి. దానింట్లోనూ సిన్నపిల్లలున్నారు."

ఇక లెక్క చూడండి. మంచం ఎక్కనివాళ్లం పదిమందిమి, మాస్కులు నాలుగు. మాస్కు లేనివాళ్లలో ఇంకో ఇద్దరు మంచమెక్కి తలో నాలుగూ పంచితే చాలు, మిగిలిన ఎనిమిదిమందికీ పన్నెండు మాస్కులు! ఇంత చక్కటి పథకం ఇంకెక్కడైనా ఉందా? ఆ ఇద్దరూ ఎవరన్నదే తేలడం లేదు. చీటీలేద్దాం అంటోంది ఝాన్సీ.

నూకరత్నం మాత్రం పొద్దుటినుంచి నవ్వడం మానేసింది. మనవరాలికి ఒళ్లు వెచ్చబడిందట. టెస్టు చేశారు. రిపోర్టు రేపొస్తుంది.

ఎనిమిది నెలల పిల్ల అడ్మిటైతే కిట్టులో ఏమివ్వాలో, రూలు కనుక్కుని చెబుతామన్నారు గౌరీశంకర్ గారు.