రొయ్యల చెరువులో విమానం

ఆదివారం పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే విమానాన్ని ఒక్కసారి నేలమీద దింపించి, వీడియో తీసి, భోజనాల వేళకు తిరిగి ఏలూరు చేరిపోవాలని కుసుమ అనుకుంది. చారుకు చింతపండు కూడా నానబెట్టి, భర్తకు అప్పగింతలు పెట్టింది.

"ఏవండీ, పదకొండింటికి కుక్కర్ పెట్టండి. గ్యాస్ కట్టేయడం మర్చిపోకండి. వాసనొస్తే మాత్రం లైటు వెయ్యకండి."

"ఆదివారం పూటైనా నన్ను పేల్చకుండా ఉండలేవా కుసుమా?" అన్నాడు సూర్యప్రకాశరావు దుప్పట్లోంచి. వారమంతా తాడేపల్లిగూడెం రైసుమిల్లులో లెక్కలు రాసి వచ్చే మనిషికి ఆ ఒక్క పూటే నిద్ర. కుసుమకు అదీ లేదు. పెళ్ళైన నాటినుంచీ ఆమె ఇంటిల్లిపాది తరఫునా ఒక్కతే భయపడుతూ వస్తోంది. మిగతావాళ్ళెవరూ ఆ పనిలో చెయ్యి వెయ్యరు.

విమానం వాళ్ళమ్మాయి అలేఖ్యది. వట్లూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. రిమోట్ విమానాల పోటీకి కాలేజీ నుంచి జట్టు వెళుతోంది. అందులో ఇక ఒక్క చోటే మిగిలింది. ఎగరేయడం అందరికీ వచ్చు కాబట్టి, శుభ్రంగా దించి చూపినవాళ్ళకే ఆ చోటని మాస్టారు తేల్చేశారు. వీడియో ఆదివారం సాయంత్రంలోగా పంపాలి.

నిజానికి ఆ విమానాన్ని ఎంచింది కుసుమే. అలేఖ్య ఫోన్లో మూడు రకాలు చూపించి, యుద్ధవిమానంలా ఉన్నదాని మీద వేలు పెట్టింది. కుసుమ చదివింది పదో తరగతే అయినా, బజార్లో వంకాయలు ఏరిన అనుభవం ఉంది. మూడింటినీ మార్చి మార్చి చూసి, "అది వద్దు, మొహంలోనే దూకుడుంది. నెత్తిమీద రెక్కలున్న ఇది చూడు, కుదురైన పిల్లలా ఉంది" అంది. అది నేర్చుకునేవాళ్ళకోసమే చేసిన థర్మోకోల్ విమానమట. రెక్క పైన ఉంటే ఒరిగినా దానంతటదే సర్దుకుంటుందట. మాస్టారు కూడా మెచ్చుకున్నారు.

ఎంపిక బాగానే ఉంది గానీ, దిగడమే లేదు. విమానాన్ని గాలికి ఎదురుగా తెచ్చి, మోటారు తగ్గించి, నేల దగ్గరయ్యాక ముక్కు కాస్త ఎత్తిపట్టి వదిలేయాలి. సరిగ్గా ఆ వదిలేసే క్షణానికి కుసుమ "పైకి లేపవే!" అని కేక పెట్టేది. ఆ కేకకు అలేఖ్య బొటనవేలు దానంతటదే మోటారు పెంచేది. విమానం మళ్ళీ ఆకాశానికి. ఇలా తిరిగి తిరిగి చివరికి బ్యాటరీ అయిపోయి ఏ తుప్పలోనో కూలబడేది. రెండు వారాలుగా ఆ విమానం ఒక్కసారీ దిగలేదు, పడుతూ వచ్చిందంతే.

"నువ్వు రాకమ్మా" అంది అలేఖ్య.

"నేను రాకపోతే నీకేమైనా అయితే?"

"నువ్వు రావడం వల్లే అవుతోందమ్మా!"

అయినా కుసుమ వచ్చింది. అసలు చోటు కుదిర్చింది కూడా ఆమే. కైకలూరు అవతల ఆమె తమ్ముడు శ్రీహరికి రొయ్యల చెరువుంది. పంట తీసేసి, అడుగు ఎండగట్టి నెలైంది. గచ్చు చేసినట్టు చదునైన నేల. చెట్టు లేదు, కరెంటు తీగ లేదు. చుట్టూ నాలుగు పక్కలా గట్లు. ఇంతకంటే భద్రమైన చోటు ఈ భూమ్మీద ఉండదని కుసుమకే అనిపించింది. అంత నిశ్చింతగా ఉండటంతో ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. తెల్లవారకముందే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్ శ్రీహరీ, ఆ చుట్టుపక్కలకి ఎవర్నీ రానివ్వకు. ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటే మన పని అయిపోతుంది. చెరువు నాలుగు మూలలా ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతు, దూరం నుంచే తెలుస్తుంది."

"అలాగే అక్కా" అన్నాడు శ్రీహరి. అక్క మాట ఎన్నడూ కాదన్నవాడు కాదు. కర్రలు పాతాడు. ఎవర్నీ రానివ్వకూడదు గనక, రైతుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ కూడా పెట్టాడు: 'ఈ ఉదయం మా చెరువులో విమానం దిగుతుంది. ప్రమాదం. దయచేసి ఎవరూ రావద్దు.'

తల్లీకూతుళ్ళు బస్సెక్కారు. విమానం అట్టపెట్టె అలేఖ్య ఒళ్ళో, రెండు హెల్మెట్లు కుసుమ ఒళ్ళో. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "మా డ్రైవరు మీద అంత నమ్మకం లేదా అమ్మా?" అన్నాడు. కుసుమ నవ్వలేదు. అది నవ్వులాట విషయం కాదు.

చెరువు దగ్గర శ్రీహరి తప్ప పిట్ట మనిషి లేడు. కుసుమ తనో హెల్మెట్ పెట్టుకుని, వద్దు మొర్రో అంటున్న కూతురికి ఒకటి తగిలించింది. విమానం పైకి లేచి తెల్లకొంగలా తిరగసాగింది. అలేఖ్య దాన్ని కిందికి తెచ్చింది. నిలువెత్తుకు వచ్చింది. మోకాలెత్తుకు వచ్చింది.

"పైకి లేపవే!"

విమానం పైకి పోయింది.

"అమ్మా!"

"నోటినుంచి దానంతటదే వచ్చేసింది తల్లీ. ఈసారి అరవను, ఒట్టు."

ఈసారీ అరిచింది. మూడోసారి తెచ్చేలోగా గట్టుమీద జనం కనబడ్డారు. రావద్దంటే రాకుండా ఉండే జనం ఆ చుట్టుపక్కల పదూళ్ళలో లేరు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళు కొందరు, ఎదురెళ్ళి చూద్దామని సరాసరి చెరువులోకే దిగినవాళ్ళు మరికొందరు. కైకలూరుకు ఐసు తోలుకెళ్ళే లారీ రోడ్డుమీదే ఆగిపోయింది. దాని డ్రైవరు పర్వేజ్, ఐసు కరుగుతున్న సంగతి కూడా మరిచి, లారీ పైకెక్కి ఫోన్ తీశాడు.

"ఇదేంటక్కా, విమానం పెద్దదని చెప్పావు కదా?" అన్నాడు శ్రీహరి.

"నేనెప్పుడు చెప్పాన్రా? నువ్వు ఎవరెవరికి చెప్పావు?"

"రావద్దనే చెప్పానక్కా. అందరికీ చెప్పాను."

అంతలో పక్క చెరువు ఆసామి నరసరాజుగారు తెల్లపంచె, తెల్లలాల్చీతో, కండువా బిగించి గట్టు దిగారు. ఆయన మెసేజ్ చదవలేదు. ఆయన చూసింది వేరు. చెరువు మూలల్లో ఎర్రజెండాలు, పైన తిరిగే యంత్రం, కింద టోపీలు పెట్టుకున్న ఇద్దరు ఆడాఫీసర్లు. ఎప్పుడో ఒకసారి సర్వేవాళ్ళు ఇలాగే జెండాలు పాతి కొలిచాక, ఆయన గట్టు పదడుగులు లోపలికి జరిగింది. అప్పటినుంచి పంట నష్టమొచ్చినా చలించని మనిషి, ఎర్రగుడ్డ కనబడితే మాత్రం ఓర్చుకోలేరు.

"ఎవరి పర్మిషన్‌తో కొలుస్తున్నారమ్మా?"

"కొలవడం కాదండీ రాజుగారూ, మా అమ్మాయి కాలేజీ విమానం అండీ."

"కాలేజీ వాళ్ళకి కూడా అప్పజెప్పారా సర్వే?"

"బాబూ, అది బొమ్మండీ."

"బొమ్మకి హెల్మెట్లెందుకమ్మా?"

కుసుమ తన హెల్మెట్ పట్టీ ఇంకాస్త బిగించుకుంది. ఆ ప్రశ్న పొద్దున కూతురూ అడిగింది.

నరసరాజుగారు నడిచి వెళ్ళి చెరువు నట్టనడుమ వెల్లకిలా పడుకున్నారు. ఎండకు కండువా మొహం మీద కప్పుకుని, "దించుకోండి, నామీదే దించుకోండి" అన్నారు లోపలినుంచి.

శ్రీహరి పరుగెత్తాడు. "రాజుగారూ, లేవండి. పంచె మాసిపోతుంది."

"మాసిపోతే ఉతుక్కుంటా. చెరువు పోతే ఏం ఉతుక్కోమంటావు?"

అలేఖ్య చేతిలో రిమోట్ కుయ్‌కుయ్‌మంది.

"అమ్మా, బ్యాటరీ అయిపోతోంది. ఇప్పుడే దించాలి."

"అటు పక్కన దించమ్మా!"

"అటు పక్కంతా జనం. గట్టు దాటితే అన్నీ నీళ్ళ చెరువులే. ఈ బారు ఒక్కటే ఖాళీ. ఆ తాతగారి దాకా."

"మళ్ళీ ఒకసారి పైకి..."

"పైకి పోతే ఇక రాదమ్మా. మునిగిపోతుంది. జట్టులో చోటూ పోతుంది. అంతే."

కూతురు ఆ మాట కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. కుసుమకు ఆ గొంతు తెలుసు. అది తనదే. ఇరవై ఏళ్ళ పిల్ల నోట్లో ఆ గొంతు వినబడేసరికి ఆమెకు విమానం కంటే అదే ఎక్కువ భయం వేసింది.

"నువ్వు దించు" అంది. "వీడియో నేను తీస్తున్నా."

విమానం గాలికి ఎదురు తిరిగి, వంచిన తల ఎత్తకుండా వచ్చింది. నిలువెత్తు. నడుమెత్తు. కింద తెల్లగా నరసరాజుగారు. కుసుమ కడుపులోంచి కేక బయల్దేరింది, గుండె దాటింది, గొంతుకొచ్చింది. ఆమె ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో పమిట చెంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇరవై ఏళ్ళలో ఆమె కూతురికోసం చేసిన పనులన్నింటిలోకీ కష్టమైనది ఇదే.

ఏ చప్పుడూ రాలేదు. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు.

కళ్ళు తెరిచేసరికి విమానం చక్రాలమీద ఎండు బురద పెళ్ళలు దాటుకుంటూ పిచ్చుకలా గెంతి, నరసరాజుగారి తలకు జానెడు దూరంలో ఆగి ఉంది. ఆయన కండువా తొలగించి ఒక కన్ను తెరిచి చూసి, "అయిపోయిందా కొలత?" అన్నారు.

"దిగిందే అలేఖ్యా!"

"దిగిందమ్మా! ఏదీ, వీడియో?"

అలేఖ్య ఫోన్ లాక్కుని చూసింది. వీడియో బాగా వచ్చింది. వెలుతురు చక్కగా ఉంది. మొదటినుంచీ చివరిదాకా అందులో ఉన్నది హెల్మెట్‌లో కళ్ళు మూసుకుని, చీరకొంగు నములుతున్న కుసుమ మొహం. కెమెరా తన వైపే తిరిగి ఉన్న సంగతి ఆమె చూసుకోలేదు.

అలేఖ్య ఎండిన చెరువులో అలాగే కూలబడింది. ఇంకో బ్యాటరీ లేదు. ఉన్నా, మరోసారి ఆ కేక మింగే శక్తి కుసుమకు లేదు.

"అక్కా, ఏమైందండీ?" అంటూ వచ్చాడు లారీ దిగిన పర్వేజ్. సంగతి విని, "దానికేనా అంత బాధ? నేను తీశానుగా, పైనుంచి, మొత్తం" అని ఫోన్ చూపించాడు. ఏ జనాన్ని రానివ్వొద్దని ఆమె తెల్లవారకముందే ఫోన్ చేసిందో, ఆ జనంలోంచే ఒకడు అక్కడికక్కడే వీడియో పంపించి, కారిపోతున్న ఐసుతో వెళ్ళిపోయాడు.

అలేఖ్య దాన్ని మాస్టారికి పంపింది. శ్రీహరి ఇంటినుంచి మజ్జిగ వచ్చేలోగా జవాబు వచ్చింది. అలేఖ్య పైకే చదివింది. 'వెరీ గుడ్. దిగాల్సిన చోట గుర్తుగా తెల్లబట్ట పరవడం మంచి ఆలోచన. గుర్తుకు ఇంత దగ్గరగా ఇంతవరకూ ఎవరూ దించలేదు. జట్టులో చోటు నీదే.'

అప్పటికి ఆ తెల్లబట్ట గట్టుమీద కూర్చుని, కుసుమ పోసిన రెండో గ్లాసు మజ్జిగ తాగుతూ, తన చెరువు ఎన్ని సెంట్లు తగ్గిందో ఇప్పుడే చెప్పి కదలమంటోంది.