ఎడమ టైర్లు బావగారివి

ఆ ఆదివారం ఉదయం పటమటలోని ఆ ఇంట్లో శ్రీదుర్గ అనుకున్నది చిన్న పని. కొత్త అల్లుడు నాని, కూతురు అక్షయ టిఫిన్ తిని, తన భర్త పవన్‌కుమార్ ప్రాణంగా చూసుకునే పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో కంకిపాడు వెళ్లాలి. అక్కడ నాని నాయనమ్మ పద్మావతమ్మ భోజనానికి పిలిచింది. అల్లుడు అలగకుండా గడప దాటితే చాలు, మిగతాది ఆ పెద్దావిడ చూసుకుంటుంది.

పవన్‌కుమార్ గాలి పంపు తెచ్చి, టైర్లకు ఇరవై నాలుగు పాయింట్ల గాలి చాలన్నాడు. ఆ మాట పైకి అనడమే పొరపాటు.

"ఇరవై నాలుగేంట్రా, సైకిలా అది? నలభై కొట్టు," అన్నాడు వరండాలో ఉన్న ఆయన అన్నగారు బసవపున్నయ్య. లారీలు తిప్పిన మనిషి.

"నలభై కొడితే ఎగిరి కాలవలో పడుద్ది. పద్దెనిమిది పెట్టండి బావగారూ, నేలని పట్టుకుని పోద్ది," అన్నాడు శ్రీదుర్గ అన్న వెంకటప్పయ్య. ఈయనవి ట్రాక్టర్లు.

ఇద్దరూ పెళ్లికి పెద్దరికం వహించినవాళ్లు. పవన్‌కుమార్ ముందు టైర్లకు అన్నగారి మాట, వెనక టైర్లకు బావమరిది మాట చెల్లించాడు.

"అంతేలెండి. పిల్లనిచ్చినవాళ్లం, మమ్మల్ని వెనకే ఉంచాలి," అని వెంకటప్పయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎడమవి బావగారివి, కుడివి అన్నయ్యవి చేయండి. ఇద్దరికీ ముందొకటి, వెనకొకటి," అంది శ్రీదుర్గ వంటింటి కిటికీలోంచి. ఎడమవైపు బసవపున్నయ్య నలభై, కుడివైపు వెంకటప్పయ్య పద్దెనిమిది; న్యాయం జరిగింది. కారు మాత్రం కుడివైపుకు ఒరిగి, ఎవరి మాటో చెవొగ్గి వింటున్నట్టు నిలబడింది.

అప్పుడొచ్చాడు నాని. "మా కారుకైతే ముప్పై రెండండీ మావయ్యగారూ."

టైర్లన్నీ అయిపోయాయి. పవన్‌కుమార్ ఎంతో మర్యాదగా డిక్కీ తెరిచి, స్టెప్నీకి ముప్పై రెండు కొట్టాడు. నాని అది చూసి, గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. పూరీలు కూడా వద్దన్నాడు.

శ్రీదుర్గ వంటింట్లోంచి పరుగున వచ్చింది. అక్షయను వెంటబెట్టుకుని, పూరీల ప్లేటుతో లోపలికి వెళ్లింది. "టైర్లన్నీ మీవే బాబూ. వాళ్లకి నేను చెప్పుకుంటాను. కోపం పెట్టుకోకండి."

"కోపం కాదండీ అత్తయ్యగారూ," అన్నాడు నాని నేల చూపులు చూస్తూ. "మా కారుకు గేర్లు మార్చే పనుండదు, నాకు గేర్ల బండి రాదు. మావయ్యగారు నిన్న తాళాలు చేతిలో పెడితే చెప్పలేకపోయాను. ఎవరన్నా ఏదన్నా అంటే అలుగుదామని పొద్దుట్నించీ చూస్తున్నా."

"నాకొచ్చుగా," అంది అక్షయ, పూరీ తుంచుకుంటూ. "నాన్నే నేర్పారు. నన్నెవరడిగారు?"

"మరి గాలో?"

"వీధి చివర బంకులో నేను చూసుకుంటాలే అమ్మా."

ఈలోపు పెద్దలు హాల్లోకి చేరారు. డ్రైవరు కూర్చునే వైపు టైర్లు వెంకటప్పయ్యకెలా పోయాయని బసవపున్నయ్య నిలదీస్తున్నాడు. తీర్పు చెప్పాల్సిన పవన్‌కుమార్ చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆ గోలలో కారు స్టార్టయిన చప్పుడు శ్రీదుర్గ ఒక్కతికే వినిపించింది.

మధ్యాహ్నం పద్మావతమ్మ ఫోన్ చేసింది. పిల్లలు నవ్వుకుంటూ వచ్చారట, మనవడు మారు వడ్డించుకుంటున్నాడట. శ్రీదుర్గ ఫోన్ పెట్టేసి, తనూ కంచం పెట్టుకుంది.

మాటలతో తేలదు, మళ్లీ గాలి కొలిచి చూద్దామని, ముగ్గురు పెద్దమనుషులూ పంపు పట్టుకుని ఖాళీగా ఉన్న కారు షెడ్డు వైపు గంభీరంగా నడిచారు.