చెప్పు పట్టీకి ఆధారం

చెప్పుకు పట్టీ ఉంటుందనడానికి తగిన ఆధారం లభించనందున, ఆ అర్థాన్ని ప్రస్తుతానికి నిలిపివేయడమైనదని పదకోశ కార్యాలయం గోడకు నోటీసు అంటించింది. తీర్మానం ఏకగ్రీవం. సంతకాలు చేసిన ఐదుగురు పండితులూ చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చినవారే కాబట్టి, గదిలో ఎదురు సాక్ష్యం లేకపోయింది.

తప్పు వారిది కాదు, నిబంధనది. అచ్చులో కనబడని అర్థం అర్థమే కాదు. గాయానికి కట్టే పట్టీ యుద్ధకావ్యాల పుణ్యమా అని దొరికింది. హాజరు పట్టీ ప్రభుత్వం చలవ వల్ల దొరికింది. గడియారం పట్టీకైతే పత్రికల్లో ప్రకటనలే బోలెడు. చెప్పు పట్టీ గురించి మాత్రం ఏ మహాకవీ ఒక్క ముక్క రాయలేదు. వాళ్ల నాయికలు పూలమీద నడిచారు, నాయకులు గుర్రాలెక్కారు.

ఈ పండిత చర్చలో నలిగిపోయింది చీటీలమ్మ. చీటీ మీద మాట, దాని కింద పుస్తకం పేరు, పుట సంఖ్య రాసి చెక్క సొరుగుల్లో సర్దే పని కాబట్టి ఆమెకా పేరు. ఏడేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. 'ప' అక్షరం పూర్తయిన రోజున ఖాయం చేస్తామని పెద్దలు మాటిచ్చారు. 'ప'లో మిగతావన్నీ తెమిలాయి, ఇదొక్కటే కొరకరాని కొయ్యయి కూర్చుంది.

"అమ్మా, వాటికి ఇంకెన్ని కుట్లు వేయిస్తావే? కొత్తవి కొనుక్కోవచ్చుగా" అనేది కూతురు, తల్లి చెప్పులు చూసి.

"ఉద్యోగం ఖాయం కానీ, కొనుక్కుందాం."

ఆగలేక ఒకరోజు చీటీలమ్మ చెప్పు చేత్తో పట్టుకుని సమావేశానికే వెళ్లింది. "ఇదిగోండి సార్, దీన్ని పట్టీ అనే అంటామండి. చెప్పులు కుట్టే ఆయనా అదే అంటాడు."

ప్రధాన సంపాదకులు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, నీ చేతిలో ఉన్నది వస్తువు. మాకు కావలసింది ఆధారం. ఆ కుట్టేవారు ఏ గ్రంథం రాశారు?" మిగతా నలుగురూ ఆ ప్రశ్న లోతుకు తలలూపారు.

ఆ వస్తువు ఒక సోమవారం బస్సు మెట్ల మీద తెగింది. కాలీడ్చుకుంటూ వచ్చేసరికి హాజరు పట్టీ లోపల పెట్టేశారు. సంజాయిషీ అడిగితే రాసిచ్చింది: "బస్సు దిగుతుండగా చెప్పు పట్టీ తెగినందున నలభై నిమిషాలు ఆలస్యమైనది. మన్నించగలరు." క్రమశిక్షణ నలుగురికీ తెలియాలన్న సదుద్దేశంతో కార్యాలయం దాన్ని వార్షిక నివేదిక పన్నెండో పుటలో యథాతథంగా అచ్చువేసింది.

అది చూడగానే చీటీలమ్మకు ప్రాణం లేచొచ్చింది. చీటీ రాసి పండితుల ముందు పెట్టింది. నివేదిక పేరుంది, తేదీ ఉంది, పుట సంఖ్య ఉంది. వంక పెట్టడానికి సందు లేదు.

ప్రధాన సంపాదకులు లేచి నిలబడ్డారు. "ఈనాడు భాషకు మహోపకారం జరిగింది. ఎంత నిరాడంబరమైన శైలి! 'మన్నించగలరు' అన్న ముగింపులో ఎంతటి సంస్కారం! ఈ రచయిత ఎవరో గానీ..."

"నేనేనండి."

"సంతోషం" అని ఆయన కూర్చున్నారు. 'ప' పూర్తయింది.

టీ తాగాక ఆ ఐదుగురే బల్లకు అటువైపు కూర్చుని నియామక సంఘమయ్యారు. మొదటి కాగితం చీటీలమ్మదే. అచ్చులో మచ్చ పడినవారిని ఖాయం చేయరాదని నిబంధన. ఆధారం, నివేదిక పన్నెండో పుట. ఇక కొత్తవారు వస్తారు గనుక, ఆమె సొరుగుల తాళాలు అప్పగించాలి.

"ఇందాకే కదండీ దాన్ని అంత మెచ్చుకున్నారు?" అంది చీటీలమ్మ.

"అది భాషమ్మా. ఇది నడవడి."

ఆమె తాళాలు బల్ల మీద పెట్టి, గుమ్మం బయట మళ్లీ తెగిన చెప్పు పట్టీకి పిన్నీసు గుచ్చుకుని ఇంటికి నడిచింది. కూతురు ఆమె పాదాల వంక చూసి సూదీ దారం తెచ్చింది.

పదకోశం అందంగా వెలువడింది. 'పట్టీ' కింద ఆమె వాక్యమే ఉంది, 'మన్నించగలరు'తో సహా. ఉదాహరణ చాలా సహజంగా ఉందని పాఠకులు ఉత్తరాలు రాశారు. మన్నించారా అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరూ అర్థం చూసుకుని పుస్తకం మూసినవారే కదా.