వంతెన మీద ఆగిన మాట

ఆ రోజు పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తెరవగానే కస్టమర్ల గ్రూపులో "బట్టలు సిద్ధం, వచ్చి తీసుకెళ్ళండి" అని పెట్టాలి. తరవాత మనసు గట్టి చేసుకుని మంత్రగత్తెకి ఒక మాట రాయాలి.

మంత్రగత్తె అంటే నిజం మంత్రగత్తె కాదు. నెట్‌లో కొందరు కలిసి రాసుకుంటూ ఆడే ఆటలో ఒక పాత్ర. అందులో బొమ్మలుండవు, అంతా రాతే. ఒకరు నాలుగు మాటలు రాస్తే ఇంకొకరు అందుకోవాలి. ఎవరి పాత్రని వాళ్ళే నడపాలి. అవతలివాళ్ళ పాత్ర చిటికెన వేలు కూడా మనం కదపకూడదు. ఈ మర్యాదలో దర్జీని మించినవాడు లేడని పేరు. ఆటలో అతని పాత్ర అయిన వీరుడు నీళ్ళలో మునిగిపోతున్నవాణ్ణి లాగాలన్నా ముందు అనుమతి అడిగేవాడు.

మంత్రగత్తె వెనక ఉన్నది ఆవిడో ఆయనో, పక్క వీధో పక్క దేశమో అతనికి తెలియదు. వీరుడి చెప్పు తెగిందని ఒకసారి మాటవరసకి రాస్తే, ఎన్నో మజిలీలు దాటాక కూడా "ఇంకా కుంటుతున్నావా?" అని మంత్రగత్తె అడిగింది. అతని మాటల్ని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇంట్లోనూ లేరు, కొట్లోనూ లేరు. అలాంటిది, వానల ముందు వీరుడు వంతెన మీద చేయి చాచిన దగ్గర ఆట ఆగిపోయింది. అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ బెంగలో అతను ఒక చొక్కాకి చేతులు తిరగేసి కుట్టాడు కూడా.

ఆ పొద్దున వీరుడి గొంతుతో ఇలా రాశాడు: "ఎదురుచూసి అలసిపోయాను. సాయంత్రంలోగా రాకపోతే అన్నీ ఇక్కడే వదిలేసి అడవుల్లోకి వెళ్ళిపోతాను." పంపేసి, నిట్టూర్చి, ఇస్త్రీపెట్టె వేడి చేసుకున్నాడు. అది కాస్తా కస్టమర్ల గ్రూపులోకి వెళ్ళింది.

ముందుగా ప్లంబరు రొప్పుతూ వచ్చాడు. "అడవులకి తరవాత వెళ్దురుగానీ, మా అమ్మాయి గౌను ఇచ్చి మరీ వెళ్ళండి!"

వెనకే హెడ్‌మిస్ట్రెస్. "కత్తిరించారా? లేకపోతే నా గుడ్డ నాకిచ్చేయండి."

మధ్యాహ్నానికి కొట్టు ముందు జనం. ఒకాయన ఒక కాలే కుట్టిన ప్యాంటుతో వెళ్ళిపోయాడు. ఇంట్లో గుండీలు కుట్టే అక్క కూడా ఆ గ్రూపులో ఉంది. జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది.

"ఒరేయ్, ఎవర్రా ఆ పిల్ల?"

"పిల్ల కాదక్కా, మంత్రగత్తె."

"అనుకుంటూనే ఉన్నా. మందు పెట్టేసింది!"

అతను ఆటంతా వివరించాడు. అక్క ఫోన్ లాక్కుని వంతెన దాకా చదివింది. తమ్ముడి ముఖం చూసింది. చూసి, ఆటలో టకటకా రాసేసింది: "మంత్రగత్తె పరుగున వచ్చి వీరుడి చేయి పట్టుకుంది. ఇద్దరూ ఇంటికెళ్ళి భోజనం చేశారు."

"అక్కా, కొంప ముంచావు! అవతలివాళ్ళ పాత్రని కదిపేశావు!"

"నువ్వు కదపవు, ఆవిడ కదలదు. ఎవరో ఒకళ్ళు కదలాలిగా!"

ఇన్నేళ్ళ మంచిపేరు గంగపాలయిందని అతను తల పట్టుకున్నాడు. అంతలో ఆటలో మంత్రగత్తె దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"నా మంత్రగత్తె ఇంకా చేయి పట్టుకోలేదండీ. 'వీరుడు చేయి చాచి, ఏదో చెప్పబోయి ఆగాడు' అని రాశారు. ఆ మాట పూర్తికాకుండా మధ్యలో దూరడం మర్యాద కాదని వానాకాలమంతా వంతెన మీదే నిలబడ్డాను. ఇంతకీ ఏం చెప్పబోయాడు?"

కొట్లో అందరూ ఫోన్ మీదికి వంగారు. ప్లంబరు కూడా గౌను సంగతి మర్చిపోయాడు.

నిజానికి అప్పట్లో దర్జీ ఏమీ అనుకోలేదు. అక్కడ ఆపితే అందంగా ఉంటుందని ఆపాడంతే. ఇప్పుడు మాత్రం ఆ మాటేమిటో అతనికి తెలుసు. అక్క చేతిలోంచి ఫోన్ తీసుకుని రాశాడు: "నువ్వు లేక నాకేమీ తోచడం లేదు."

పంపే ముందు, అది ఎవరికి వెళ్తోందో అక్క కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసింది.