పలకలు గుద్దుకున్న పూట

ఆ పొద్దున సైన్సు టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇన్‌స్పెక్టరు ముందు భూకంపం పాఠం తడబడకుండా చెప్పాలి. ఏళ్ల తరబడి నానుతున్న తాత్కాలిక ఉద్యోగాన్ని ఖాయం చేయించుకోవాలి.

"ఆయన గుడ్లురిమితే బెదిరిపోకే," అంది అత్తగారు గుమ్మం దాకా వచ్చి.

"ఆయనా ఒక పిల్లాడే అనుకుని చెప్పేస్తాను అత్తయ్యా."

"అలాగని చెవి మెలిపెట్టేవు!"

నిన్ననే ఆరో తరగతికి పాఠమంతా నూరిపోసింది. భూమి పైపొర ఒకే ముక్క కాదనీ, పెద్ద పెద్ద పలకలుగా ఉంటుందనీ, అడుగున వేడికి మెత్తబడిన రాయి మీద అవి నత్తకన్నా నెమ్మదిగా జరుగుతాయనీ, గుద్దుకున్నా రాసుకున్నా భూకంపాలు వస్తాయనీ చెప్పింది. ఆరో తరగతి బుద్ధిగా విని, ఇంటికెళ్లి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అప్పజెప్పింది. వాళ్లలో చాలామంది ఒకటో తరగతి. వాళ్లకు తెలిసిన పలక ఒక్కటే, బలపంతో అ ఆలు దిద్దేది.

బడి మొదలవగానే ఒకటో తరగతి పంతులమ్మ, "పలకలన్నీ తెచ్చి దొంతర పెట్టండి," అంది. ఒక్కరూ కదల్లేదు.

"ఏమర్రా, చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

"వద్దు టీచర్! పలకలు తగిలితే గోడలు కూలిపోతాయి!"

ఆవిడకు ఒళ్లు మండింది. చేతికందిన రెండు పలకలు లాక్కుని ఠపీమని ఒకదాని మీద ఒకటి పడేసింది.

"భూకంపం!"

ఒకటో తరగతి బయటికి దూకింది. రెండో తరగతి ఎందుకని అడగలేదు, వెంటబడింది. చూస్తుండగానే బడంతా మైదానంలో ఉంది. హెడ్మాస్టరు ఒంటి చెప్పుతో వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు కారు గేటు దగ్గర ఆగింది.

ఖాళీ బల్లలకు పాఠం చెప్పలేక సైన్సు టీచరమ్మ కూడా బయటికొచ్చింది.

"అంతా మీ నిర్వాకమేనట!" హెడ్మాస్టరు పళ్లు కొరికాడు. "ఉద్యోగం మాట మర్చిపోండి."

పలకను గుండెకు హత్తుకున్న ఓ బోసినోటి పిల్ల ముందు ఇన్‌స్పెక్టరు వంగాడు. "ఎందుకమ్మా పరిగెత్తారు?"

"పలకలు గుద్దుకున్నాయి సార్."

"గుద్దుకుంటే?"

"భూమి ఊగుతుంది. ఊగితే గోడల దగ్గర ఉండకూడదు. కింద రాయి మెత్తగా ఉంటుంది కదా సార్, అందుకే పలకలు జరుగుతాయి."

"ఎవరు చెప్పారు?"

"మా అక్కకి ఆ టీచర్ చెప్పింది. నాకు మా అక్క చెప్పింది."

ఇన్‌స్పెక్టరు నిటారుగా నిలబడ్డాడు. "పదో తరగతివాళ్లే ఈ ప్రశ్నకి తల గోక్కుంటారండీ! ఈవిడ ఉద్యోగం ఇవాళే ఖాయం చేస్తున్నాను."

"నేనూ ఎప్పట్నుంచో అదే అంటున్నాను సార్!" అన్నాడు హెడ్మాస్టరు.

"సార్, వాళ్లనుకున్న పలకలు వేరే..." అని టీచరమ్మ నిజం చెప్పబోయింది.

"అంత వినయం పనికిరాదమ్మా. చంటిపిల్లలకి ఇంత ఎక్కించే మనిషి ఆరో తరగతిలో ఎందుకు? రేపట్నుంచి ఒకటో తరగతి మీదే. ఈ పంతులమ్మగారు ఆరుకి వెళ్తారు."

టీచరమ్మ నవ్వాపుకుంటూ దణ్ణం పెట్టింది. పంతులమ్మ కూడా పెట్టింది, కాస్త ఆలస్యంగా.

ఆ పూట భూమి మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.