ఏడో నంబరు బావి అతిథులు

మన లంక గ్రామానికి ముప్పై లక్షల కోట్ల మంది అతిథులు విచ్చేసిన సంగతి పాఠకులకు తెలిసిందే. అందరూ ఒకే డ్రమ్ములో వచ్చారు.

ఏడో నంబరు చమురు బావిలో ముడిచమురు ముదురుపాకంలా చిక్కబడి, పైకి రానని మొండికేసింది. దాన్ని పలచబరచడానికి కంపెనీవారు బాక్టీరియాను రప్పించారు. వాటిని చూసుకోవడానికి వీరదుర్గను కాంట్రాక్టు మీద వేశారు. మన చేపలపేట పల్లంరాజు కూతురే. సూక్ష్మజీవుల చదువు చదివింది. బావి పారితే ఉద్యోగం పర్మనెంటు, పారకపోతే ఇంటికి అని కాగితంలో మర్యాదగా రాశారు.

పద్ధతి సులువు. కొలిచిన బెల్లం మడ్డితో బాక్టీరియాను లోపలికి దించి, మూడు వారాలు బావి మూసేయాలి. మడ్డి అయిపోగానే అవి ఆకలికి చమురు మీద పడతాయి. అప్పుడు పుట్టే గ్యాసు చమురును పలచన చేసి పైకి నెడుతుంది.

బావి ఉన్న పొలం ఆసామి జగన్నాథరావుగారు ఇది విని నొచ్చుకున్నారు.

"మన జిల్లాకొచ్చినోళ్లని పస్తు పెడతావేంటమ్మా?"

"పస్తుంటేనే పనిచేస్తాయండి."

"ఎవరి తాలూకో కనుక్కున్నావా?"

"ఎవరి తాలూకూ కాదండి. కంటికే కనపడవు."

"కనపడనోళ్లకి మొహమాటం ఎక్కువమ్మా. నోరు తెరిచి అడగరు. మనమే వడ్డించాలి."

మనస్తత్వశాస్త్రానికి ఇది కొత్త విషయం.

గేటు తాళం ఆయన దగ్గరే ఉన్నందున మర్యాదలకు ఆటంకం కలగలేదు. మొదటిరోజు బావి మూత తీయించి నాలుగు డ్రమ్ముల మడ్డి గొట్టంలో పోశారు. రెండోరోజు పూతరేకులు నలిపి పాలలో కలిపి పోశారు. సర్పంచి సంపూర్ణమ్మగారు ప్రసంగిస్తూ, "పాపం, ప్రయాణం చేసొచ్చారు. ముందు తిననివ్వండి, చమురు ఎక్కడికీ పోదు" అన్నారు. చమురు ఆ మాట మీదే నిలబడింది. గేటుకు అడ్డం నిలబడిన వీరదుర్గను చూసి, పిసినారిదని ఊరు నవ్వుకుంది.

మూడు వారాలకు బావి తెరిచారు. అతిథులు లెక్కకందనంత పెరిగి, రాతి సందులన్నీ జిగటతో పూడ్చేసి, తృప్తిగా ఉన్నారు. చమురు చుక్క రాలేదు.

కంపెనీవారి విచారణ సంఘం జగన్నాథరావుగారింట్లో, ఇరవై రకాల వడ్డన మధ్య సమావేశమైంది. ఆతిథ్యంలో లోపం లేదనీ, పర్యవేక్షణలోనే ఉందనీ తేల్చి, వీరదుర్గను తొలగించింది. వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన ఆమె, పెరుగు వడ్డించేదాకా మెట్ల కిందే నిలబడి ఉంది. తిన్నావా అని ఎవరూ అడగలేదు. చేపలపేటవాళ్లను ఆ ఇంటి విస్తరి దగ్గరికి పిలిచే ఆనవాయితీ లేదు.

మీ ఇంట్లో ఆ ఆనవాయితీ ఉండే ఉంటుంది.